యాక్సిడెంట్ల రికార్డుతో అమెరికాలో మళ్లీ ట్రక్ డ్రైవర్ పని సంపాదించుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

రెండోసారో మూడోసారో ట్రక్కు దేనికో తగిలింది, కంపెనీ దాన్ని ప్రివెంటబుల్ (జాగ్రత్తపడితే తప్పిపోయేదే) అని రాసి మిమ్మల్ని పంపేసింది, ఇప్పుడు ఎక్కడ అప్లికేషన్ పెట్టినా గంట తిరక్కుండానే కుదరదని మెయిల్ వస్తోంది. అలాంటి వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. అమెరికాలో సీడీఎల్ (పెద్ద ట్రక్కులు నడపడానికి కావాల్సిన కమర్షియల్ లైసెన్సు) ఉండి, చట్టప్రకారం పని చేసుకునే హక్కు ఉండి, రికార్డు మాత్రమే అడ్డొస్తున్నవాళ్లు చదవండి. నేను ఒక చిన్న ట్రకింగ్ కంపెనీలో సేఫ్టీ పని, డ్రైవర్ల ఫైళ్లు చూస్తాను. చేయి తిరిగిన డ్రైవర్లు కూడా తమ కాగితాల్లో ఏముందో తెలియక, ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా రాసి, దొరకాల్సిన పని పోగొట్టుకోవడం చూస్తుంటే నిజంగా బాధేస్తుంది.

ఒక్క విషయం అర్థమైతే మిగతాదంతా సులువవుతుంది. మిమ్మల్ని వద్దంటున్నది చాలాసార్లు ఆ కంపెనీ కాదు, ఆ కంపెనీకి ఇన్సూరెన్స్ ఇచ్చినవాళ్లు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మామూలు సరుకు తోలే కంపెనీకి చట్టం ప్రకారం కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్ ఉండాలి, లోడ్లిచ్చే బ్రోకర్లయితే మామూలుగా పది లక్షల డాలర్లది అడుగుతారు. ఆ పాలసీ ఇచ్చినవాళ్లు మీ ముఖం చూడరు, మీ మాట వినరు, మీ రిపోర్టులు చదువుతారు. కాబట్టి పని వెతకడం అప్లికేషన్‌తో మొదలుపెట్టకండి, ఆ రిపోర్టులతో మొదలుపెట్టండి.

ప్రివెంటబుల్ అని రాసేది ఎవరు

"పోలీసు టికెట్ కూడా ఇవ్వలేదు, మరి నా తప్పెలా అవుతుంది" అని చాలామంది అడుగుతారు. ఈ రంగంలో ఆ లెక్క నడవదు. ఫెడరల్ నిబంధన ప్రకారం డ్రైవర్ గానీ కంపెనీ గానీ చేసిన పని వల్ల, లేదా చేయాల్సింది చేయకపోవడం వల్ల జరిగి, జాగ్రత్తపడి ఉంటే తప్పిపోయేదైతే అది ప్రివెంటబుల్. మంచు మీద ట్రక్కు జారితే మంచుది తప్పు అని మీరంటారు, ఆ మంచులో ఆ వేగంతో ఎందుకు వెళ్లావని సేఫ్టీ వాళ్లు అడుగుతారు. ఆ నిర్ణయం మీ పాత కంపెనీ సేఫ్టీ విభాగానిదే, కోర్టుదీ కాదు, పోలీసులదీ కాదు. కొన్ని కంపెనీల్లో దాని మీద అప్పీల్ చేసుకునే వీలుంటుంది, దానికి గడువు కూడా ఉంటుంది. ఉద్యోగం పోయి ఎక్కువ రోజులు కాకపోతే ఈ రోజే ఫోన్ చేసి అడగండి, రివ్యూలో ఏం తేల్చారో రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఇంకో తేడా కూడా తెలియాలి. డీఓటీ (ఫెడరల్ రవాణా శాఖ) లెక్కలోకి వచ్చే యాక్సిడెంట్ వేరు, కంపెనీ లోపల రాసుకునేది వేరు. రోడ్డు మీద ఎవరైనా చనిపోయినా, గాయపడినవాళ్లను అక్కడి నుంచి వైద్యానికి తరలించాల్సి వచ్చినా, ఏదైనా బండి టో చేయాల్సినంతగా (ఇంకో బండితో లాక్కెళ్లాల్సినంతగా) దెబ్బతిన్నా అది డీఓటీ యాక్సిడెంట్. యార్డులో స్తంభానికి రాసుకున్నదీ, సరుకు ఎక్కించి దించే డాక్ దగ్గర పక్క ట్రక్కు అద్దం విరిగిందీ ఆ కిందికి రావు. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి, "నాకు నాలుగు యాక్సిడెంట్లున్నాయి" అని రిక్రూటర్‌కి చెప్పేస్తారు. ఆ నాలుగింటిలో మూడు యార్డులో తగిలిన దెబ్బలే అయి ఉంటాయి. దాచమని కాదు నేననేది, దేన్ని ఏమంటారో తెలుసుకుని ఆ మాటే చెప్పమంటున్నాను.

మొదటి మెట్టు: అప్లికేషన్ల కన్నా ముందు రిపోర్టులన్నీ తెప్పించుకోండి

కంపెనీ వాళ్లు చూసేవి ముఖ్యంగా నాలుగు చోట్ల నుంచి వస్తాయి.

ఎంవీఆర్ మీ రాష్ట్రం డీఎంవీ (లైసెన్సులిచ్చే ఆఫీసు) ఇచ్చే డ్రైవింగ్ రికార్డు. టికెట్లు, శిక్షలు, లైసెన్సు సస్పెన్షన్లు ఇందులో ఉంటాయి, కొన్ని రాష్ట్రాలు యాక్సిడెంట్లు కూడా చూపిస్తాయి. ఫీజు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

పీఎస్‌పీ ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ ఏజెన్సీ ఎఫ్ఎంసీఎస్ఏ నుంచి వస్తుంది. ఇందులో 5 ఏళ్ల క్రాష్‌లు, 3 ఏళ్ల రోడ్డుపక్క తనిఖీలు ఉంటాయి. మీ రిపోర్టు మీరే ఆన్‌లైన్‌లో పది డాలర్లకు తీసుకోవచ్చు. దీంట్లో తప్పెవరిదన్నది సాధారణంగా ఉండదు, మీరు ఎర్రలైటు దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ఎవరో వచ్చి గుద్దినా, టో బండి వచ్చిందంటే ఇందులో మీ పేరు మీద పడుతుంది. అదే సమయంలో, డాక్ దగ్గర తగిలిన చిన్న దెబ్బలు ఇందులో కనబడవు.

అవి కనబడేది డాక్ (DAC) రిపోర్టులో, సరుకు దించే డాక్‌కీ ఈ పేరుకీ సంబంధం లేదు. హైర్‌రైట్ అనే సంస్థ నడిపే ఈ ఫైల్లో పాత కంపెనీలు మీ గురించి రాసినవి ఉంటాయి: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశారు, ఎందుకు వెళ్లిపోయారు, మళ్లీ తీసుకుంటారా లేదా, ఏ యాక్సిడెంట్లు జరిగాయి. చాలామంది డ్రైవర్లు దీని పేరు విని భయపడతారు గానీ తమ సొంత రిపోర్టు ఒక్కసారి కూడా చూసుకోరు. ఇలాంటి రిపోర్టులకు వర్తించే ఎఫ్‌సీఆర్ఏ అనే ఫెడరల్ చట్టం ప్రకారం ఏడాదికోసారి కాపీ ఉచితంగా అడగొచ్చు. పాత కంపెనీలన్నీ ఇందులో రాయవు, కొత్త కంపెనీలన్నీ ఇది తీయవు, అయినా మీది మీరు చూసుకోవాల్సిందే.

నాలుగోది మీ పాత యజమానులే. డీఓటీ కింద పనిచేసే కంపెనీ మిమ్మల్ని తీసుకునేటప్పుడు గత 3 ఏళ్లలో మీరు డీఓటీ నిబంధనల కింద పనిచేసిన కంపెనీలన్నింటినీ అడిగి తీరాలి, వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి. డీఓటీ యాక్సిడెంట్లు తప్పనిసరిగా చెప్పాలి, చిన్నవి కూడా తమ దగ్గర రాసి ఉంటే చెప్పొచ్చు. అంటే, మీరు రాయకుండా వదిలేసినది ఈ దారిలో బయటికొస్తుంది.

వీటితో పాటు క్లియరింగ్‌హౌస్ (డ్రైవర్ల డ్రగ్, ఆల్కహాల్ ఉల్లంఘనల ఫెడరల్ రికార్డు) ఖాతా కూడా తెరిచి చూసుకోండి. యాక్సిడెంట్ తర్వాత చేసిన డ్రగ్ లేదా ఆల్కహాల్ టెస్టులో పాజిటివ్ వచ్చినా, టెస్టుకు నిరాకరించినా అక్కడ ఉంటుంది. అలాంటిది ఉంటే మీ దారి ఈ వ్యాసంలో చెప్పేది కాదు, ముందు ఎస్ఏపీ అనే డ్రగ్, ఆల్కహాల్ సమస్యల నిపుణుడి దగ్గర రిటర్న్ టు డ్యూటీ (మళ్లీ పనిలోకి వచ్చే) ప్రక్రియ పూర్తి చేయాలి. అది అయ్యేదాకా ఏ కంపెనీ మీకు స్టీరింగ్ ఇవ్వడానికి వీల్లేదు.

రెండో మెట్టు: తప్పుగా ఉన్నవి సరిచేయించుకోండి

రిపోర్టులన్నీ టేబుల్ మీద పెట్టుకుని తేదీలు, ఊళ్లు, ట్రక్కు నంబర్లు పోల్చి చూడండి. ఒకే యాక్సిడెంట్ రెండుసార్లు పడటం, మీది కానిది మీ పేరు మీద ఉండటం, టో చేయకపోయినా చేసినట్టు రాయడం జరుగుతుంటాయి.

పీఎస్‌పీలో తప్పుంటే డేటాక్యూస్ అనే ఫెడరల్ వెబ్‌సైట్‌లో ఉచితంగా అభ్యంతరం పెట్టొచ్చు. అక్కడే ఇంకో ముఖ్యమైన వీలుంది, దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. క్రాష్ తప్పించగలిగేదా కాదా అని ఎఫ్ఎంసీఎస్ఏ తేల్చే క్రాష్ ప్రివెంటబిలిటీ డిటర్మినేషన్ ప్రోగ్రాం అని 2020 మేలో మొదలైంది, అప్పట్లో 16 రకాల క్రాష్‌లకు వర్తించేది, 2024 డిసెంబరు 1 నుంచి 21 రకాలకు పెంచారు. వెనక నుంచి ఎవరో గుద్దడం, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చి గుద్దడం, నిబంధనల ప్రకారం పార్క్ చేసిన మీ ట్రక్కును గుద్దడం, జంతువు అడ్డురావడం ఇలాంటివన్నీ ఇందులో ఉన్నాయి. కొత్తగా చేర్చిన వాటిలో, ఏం జరిగిందో వీడియోలో స్పష్టంగా ఉంటే దాన్ని చూసి నిర్ణయించడం కూడా ఉంది. క్రాష్ జరిగి 5 ఏళ్లు దాటకపోతే డ్రైవర్ కూడా అడగొచ్చు. పోలీసు రిపోర్టు జతచేయాలి, డ్యాష్‌క్యామ్ వీడియో, ఫొటోలు ఉంటే ఇంకా మంచిది. నాట్ ప్రివెంటబుల్ అని తేలితే క్రాష్ రికార్డు నుంచి పోదు గానీ, ఆ మాట పీఎస్‌పీలో దాని పక్కనే కనబడుతుంది. ఇన్సూరెన్స్ వాళ్లకు చూపించడానికి అంతకంటే గట్టి కాగితం లేదు.

డాక్‌లో తప్పుంటే హైర్‌రైట్‌కి డిస్ప్యూట్ రాయండి. మామూలుగా 30 రోజుల్లో వాళ్లు పాత కంపెనీని అడిగి తేల్చాలి, రుజువు దొరకని విషయాన్ని తీసేయాలి లేదా సరిచేయాలి. పాత కంపెనీ "మేం రాసింది నిజమే" అని పట్టుబడితే మీ వైపు కథ క్లుప్తంగా రాసి ఫైల్లో పెట్టమని అడిగే హక్కుంది. అప్లికేషన్ తిరస్కరించడానికి డాక్ లాంటి రిపోర్టు కారణమైతే ఆ విషయం, రిపోర్టు ఇచ్చిన సంస్థ పేరు కంపెనీ మీకు చెప్పాలి. ఆన్‌లైన్‌లో, ఫోన్లో అప్లై చేసిన డ్రైవర్లకైతే 3 పనిదినాల్లో చెప్పాలి. ఆ తర్వాత 60 రోజుల్లో అడిగితే రిపోర్టు కాపీ ఉచితం. "కుదరదు" అన్న మెయిల్‌ను విసుగుతో డిలీట్ చేయకండి, అందులోనే ఈ వివరం ఉంటుంది.

పాత యజమాని నేరుగా పంపిన సేఫ్టీ చరిత్ర విషయంలోనూ మీకు హక్కులున్నాయి. కొత్త కంపెనీ తీసుకున్నాక గానీ, వద్దన్నాక గానీ 30 రోజుల్లోపు రాతపూర్వకంగా అడిగితే వాళ్లకు వచ్చిన సమాచారం మీకు చూపించాలి. తప్పుంటే పాత యజమానికి రాయండి, 15 రోజుల్లో సరిచేయాలి లేదా ఒప్పుకోవడం లేదని చెప్పాలి. ఒప్పుకోకపోతే మీ జవాబును ఆ ఫైలుకు జతచేయించుకోవచ్చు.

ఈ పనికి డబ్బులు తీసుకుని "డాక్ క్లీన్ చేస్తాం" అనేవాళ్లు తగులుతారు. నిజంగా జరిగినదాన్ని ఎవరూ తీసేయలేరు, తప్పుగా ఉన్నదాన్ని సరిచేయించడానికి మీకు ఖర్చే లేదు. వాళ్లకు ఒక్క డాలరు కూడా ఇవ్వకండి.

కోర్టులో ఇంకా నడుస్తున్న టికెట్ ఉంటే దాన్ని ఇప్పుడే పట్టించుకోండి. ముందు బండికి మరీ దగ్గరగా వెళ్లడం, లేన్ తప్పుగా మారడం, 15 మైళ్లు లేదా అంతకు మించి ఓవర్ స్పీడ్, డ్రైవింగ్‌లో ఫోన్ పట్టుకోవడం ఇవన్నీ సీడీఎల్ నిబంధనల్లో సీరియస్ కింద వస్తాయి. 3 ఏళ్లలో రెండు శిక్షలు పడితే 60 రోజులు, మూడు పడితే 120 రోజులు సీడీఎల్ పోతుంది. కారు డ్రైవర్లు చేసినట్టు ట్రాఫిక్ స్కూల్‌కి వెళ్లి టికెట్ రికార్డులోకి రాకుండా చేసుకోవడం సీడీఎల్ ఉన్నవాళ్లకు కుదరదు, ఫెడరల్ నిబంధన ఒప్పుకోదు. ఫైన్ కట్టేస్తే నేరం ఒప్పుకున్నట్టే. ఫైన్ కట్టే ముందే లాయర్‌తో మాట్లాడండి.

మూడో మెట్టు: జరిగినదాన్ని ఒకే కథగా రాసుకోండి

నా ఉద్దేశంలో పని దొరకడం, దొరక్కపోవడం ఎక్కువగా తేలేది ఇక్కడే. అప్లికేషన్‌లో గత 3 ఏళ్ల యాక్సిడెంట్లు, టికెట్లు రాయమని చట్టమే చెబుతుంది, కంపెనీలు 5 ఏళ్లవో ఇంకా ఎక్కువో అడగొచ్చు. సీడీఎల్ డ్రైవర్ 10 ఏళ్ల ఉద్యోగ చరిత్ర ఇవ్వాలి. ఈ రోజుల్లో చాలా కంపెనీల అప్లికేషన్లు టెన్‌స్ట్రీట్ అనే ఆన్‌లైన్ అప్లికేషన్ వ్యవస్థ ద్వారా వెళ్తాయి, కాబట్టి తేదీలు, కంపెనీ పేర్లు, వదిలేసిన కారణాలు ప్రతిచోటా ఒకేలా ఉండాలి. యాక్సిడెంట్ ఉన్నందుకు వద్దన్నవాళ్లు ఆర్నెల్ల తర్వాత తీసుకోవచ్చు. అబద్ధం రాసి దొరికితే ఆ కంపెనీ తలుపు మూసుకుపోయినట్టే. పనిలో చేరాక దొరికితే తీసేస్తారు, అది కూడా మీ రికార్డులో చేరుతుంది.

ఒక్కో సంఘటనకు అయిదారు వాక్యాలు చాలు. ఏ నెల, ఎక్కడ, ఎంత వేగం, ఎవరికైనా దెబ్బలు తగిలాయా, టో చేశారా, టికెట్ వచ్చిందా, మీరు ఏం చేసి ఉంటే తప్పేది, అప్పటి నుంచి ఏం మార్చుకున్నారు. ఉదాహరణకి ఇలా ఉండొచ్చు:

"2024 మార్చిలో ఒక వేర్‌హౌస్ యార్డులో ట్రైలర్‌ని డాక్‌కి పెడుతూ పక్కన ఆగి ఉన్న ట్రైలర్ మూలకి తగిలించాను. నడిచే వేగం కూడా లేదు. ఎవరికీ దెబ్బలు లేవు, టో లేదు, టికెట్ లేదు. కుడివైపు అద్దంలో కనబడని చోటు ఉంది, దిగి చూడాల్సింది, చూడలేదు. అప్పటి నుంచి రివర్స్ తీసే ముందు ప్రతిసారీ దిగి చూస్తున్నాను, వీలైనంతవరకు కుడివైపు గుడ్డిగా తిప్పే రివర్స్ మానేసి ఎడమవైపు నుంచి పెడుతున్నాను."

చూశారా, ఇందులో డిస్పాచర్ తొందరపెట్టాడనీ, యార్డు ఇరుకనీ, లైట్లు లేవనీ ఏమీ లేదు. అవన్నీ నిజాలే అయి ఉండొచ్చు. కానీ చదివేవాళ్లకు అవి వినబడే తీరు వేరు: మళ్లీ అదే డిస్పాచర్, అదే యార్డు ఎదురైతే ఇతను మళ్లీ గుద్దుతాడు అనిపిస్తుంది.

ఇదే కథను ఇంగ్లిష్‌లో బయటికి చదివి బాగా అలవాటు చేసుకోండి. మనలో చాలామందికి రాయడం బాగా వచ్చినా ఫోన్లో గబగబా అడిగితే తడబడతాం, ఆ తడబాటు అవతలివాళ్లకు ఏదో దాస్తున్నట్టు అనిపిస్తుంది. పైగా డ్రైవర్‌కి ఇంగ్లిష్ మాట్లాడటం, రోడ్డు బోర్డులు చదవడం రావాలన్న పాత నిబంధనను ఇప్పుడు గట్టిగా అమలు చేస్తున్నారు. 2025 జూన్ 25 నుంచి రోడ్డుపక్క తనిఖీలో అది తేలకపోతే అక్కడికక్కడే అవుట్ ఆఫ్ సర్వీస్ పెట్టి బండి నడపనివ్వడం లేదు. మీది నాన్ డొమిసైల్డ్ సీడీఎల్ (పౌరసత్వం, గ్రీన్ కార్డు లేనివాళ్లకు ఇచ్చేది) అయితే ఇంకో జాగ్రత్త. 2025 సెప్టెంబరు నుంచి ఆ నిబంధనలు మారుతూ వచ్చాయి, మీ లైసెన్సు పరిస్థితి డీఎంవీలో కనుక్కుని ఆ తర్వాతే ఉద్యోగాల వెంట పడండి.

నాలుగో మెట్టు: మీ రికార్డు ఏ రకం, ఎక్కడ చెల్లుతుంది

అన్ని యాక్సిడెంట్లనూ ఒకేలా చూడరు. నెమ్మదిగా రివర్స్ తీస్తూ తగిలించినవి రెండు మూడున్నా, కాలం గడిచేకొద్దీ దారి దొరుకుతుంది. ముందు బండిని వెనక నుంచి గుద్దడం కష్టం, ఎందుకంటే అది దూరం పాటించకపోవడమో, చూపు రోడ్డు మీద లేకపోవడమో అవుతుంది. ట్రక్కు బోల్తా పడటం, తక్కువ ఎత్తు బ్రిడ్జిని గుద్దడం, ప్రాణాలు పోయినవి అన్నిటికన్నా కష్టం. వీటిలో ఏదైనా గత ఏడాదిలో జరిగి ఉంటే పెద్ద ఓటీఆర్ (దూరప్రాంతాలకు సరుకు తోలే) కంపెనీ అప్లికేషన్ల మీద మీ టైం పోగొట్టుకోకండి.

పెద్ద కంపెనీల్లో కొన్ని నష్టంలో పెద్ద భాగం తామే భరించుకుంటాయి, అందువల్ల ఎవర్ని తీసుకోవాలన్న నిబంధన వాళ్లే పెట్టుకుంటారు. అయితే అక్కడ అప్లికేషన్‌ను ముందు కంప్యూటర్ వడపోస్తుంది. 3 ఏళ్లలో ఇన్ని ప్రివెంటబుల్స్ కంటే ఎక్కువుంటే వద్దు అని లెక్క పెట్టేస్తారు, మీ వివరణ ఎవరూ చదవరు. చిన్న కంపెనీలో యజమాని మీ మాట వింటాడు, మీరంటే నమ్మకం కూడా కలుగుతుంది, కానీ ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోకపోతే ఏం చేయలేడు. అందుకే చిన్న కంపెనీకి ఫోన్ చేసినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు: "మీ ఇన్సూరెన్స్ వాళ్లు ఎన్నేళ్ల రికార్డు చూస్తారు, ఎన్ని యాక్సిడెంట్ల దాకా ఒప్పుకుంటారు? నా ఎంవీఆర్, పీఎస్‌పీ ఇప్పుడే పంపిస్తాను, ముందు వాళ్లకు చూపించి చెప్పగలరా?" ఇలా అడిగే డ్రైవర్ మా దగ్గరికి అరుదుగా వస్తాడు, వచ్చినప్పుడు మాకు సగం పని తప్పుతుంది, అతని మీద గౌరవం కూడా పెరుగుతుంది.

ఓటీఆర్ తలుపులు మూసి ఉంటే రికార్డు పాతబడేదాకా నడిపే పనులు వేరే ఉన్నాయి. డంప్ ట్రక్కు, చెత్త బండి, ఇసుక కంకర తోలే లోకల్ పనులు, కౌంటీల్లో రోడ్డు పనులు, చలి రాష్ట్రాల్లో మంచు తోసే బండ్లు. పంట కాలంలో అయితే మిన్నెసోటా, నార్త్ డకోటా సరిహద్దులోని రెడ్ రివర్ లోయలో అక్టోబరు మొదట్లో షుగర్ బీట్ తవ్వకం జోరందుకుంటుంది, కొద్ది వారాల పాటు రాత్రింబవళ్లు లారీలు తిరుగుతాయి. టెక్సస్ నుంచి ఉత్తరానికి మోంటానా దాకా గోధుమ కోతలతో పాటు కదిలే బృందాలకు కూడా ట్రక్కు నడిపేవాళ్లు కావాలి. ఇలాంటిచోట యజమానికి మనిషి అవసరం గట్టిగా ఉంటుంది, మనిషిని చూసి మాట్లాడే అవకాశమూ ఎక్కువ.

రెడీమిక్స్ కాంక్రీట్ బండి కూడా మంచి లోకల్ పనే, కానీ డ్రమ్ము తిరుగుతూ బరువు పైన ఉంటుంది, మలుపుల్లో తొందరగా ఒరుగుతుంది. మీది బోల్తా పడ్డ రికార్డైతే దాని జోలికి పోకండి. యార్డులో ట్రైలర్లు మార్చే హోస్లర్ పనికి ఆ ప్రాంగణం దాటకపోతే కొన్నిచోట్ల సీడీఎల్ కూడా అడగరు. రోజంతా రివర్స్ తీయడమే పని. రివర్స్ దెబ్బల రికార్డు ఉన్నవాళ్లను తీసుకోవడానికి వాళ్లు తటపటాయిస్తారు, నిజమే, కానీ ఎవరైనా అవకాశమిస్తే మాత్రం వదలకండి. అక్కడ ఒక ఏడాది దేనికీ తగలకుండా గడిపారంటే, "ఇతనికి రివర్స్ రాదు" అన్న మాటకు అంతకన్నా మంచి జవాబు లేదు.

ఐదో మెట్టు: ఫోన్, ఓరియెంటేషన్, రోడ్ టెస్ట్

వందల అప్లికేషన్లు ఒకేసారి పంపకండి. ముందు ఫోన్ చేయండి, రికార్డు ముందే చెప్పండి, కుదురుతుందంటేనే అప్లికేషన్ పెట్టండి. రిక్రూటర్ "ఫర్వాలేదు, వచ్చేయండి" అంటే సంబరపడి బస్సెక్కకండి. రిక్రూటర్ పని సీట్లు నింపడం, మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అని తేల్చేది సేఫ్టీ విభాగం. ఓరియెంటేషన్‌కి వేరే రాష్ట్రం దాకా రప్పించి, రెండో రోజు డాక్ వచ్చాక "సారీ, మీరు వెళ్లిపోవచ్చు" అని పంపడం ఈ రంగంలో పాత కథే. తిరుగు టికెట్ కూడా చాలాసార్లు మీదే. "నా డాక్, పీఎస్‌పీ, పాత యజమానుల వివరాలు సేఫ్టీ వాళ్లు చూసి ఒప్పుకున్నారని నాకొక మెయిల్ పెట్టండి, అప్పుడు వస్తాను" అని మర్యాదగా అడగండి. ఆ మెయిల్ రానిచోటికి వెళ్లకండి.

ఖాళీగా ఉన్న రోజుల్లో ఒక రిఫ్రెషర్ కోర్సో, నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ డిఫెన్సివ్ డ్రైవింగ్ కోర్సో చేసి సర్టిఫికెట్ జతచేయండి. దాంతోనే ఎవరూ పనివ్వరు గానీ, మీరు రాసుకున్న కథలో "ఏం మార్చుకున్నాను" అన్న వాక్యానికి అది ఆధారం. స్మిత్ సిస్టం అయిదు సూత్రాలు తెలుసుకోండి. దూరంగా ముందుకు చూడటం, చుట్టూ ఏం జరుగుతోందో గమనించడం, చూపు ఒకేచోట నిలపకుండా తిప్పుతూ ఉండటం, తప్పించుకునే ఖాళీ వదులుకోవడం, ఎదుటివాళ్లకు మనం కనబడేలా చూసుకోవడం. చాలా కంపెనీలు ఇదే నేర్పుతాయి, ఇంటర్వ్యూలో అడుగుతాయి కూడా.

రోడ్ టెస్టులో ప్రీట్రిప్ (బయల్దేరే ముందు బండి తనిఖీ) తొందరపడకుండా చేయండి. రివర్స్ తీసే ముందు బ్రేకు వేసి దిగి, ట్రైలర్ వెనక్కి నడిచి, పైన కొమ్మలు, తీగలు కూడా చూసి ఎక్కండి. మధ్యలో అనుమానమొస్తే మళ్లీ దిగండి. అలా దిగితే నెమ్మది అనుకుంటారని కొందరు భయపడతారు. మీ లాంటి రికార్డున్న డ్రైవర్‌లో టెస్ట్ చేసేవాళ్లు చూడాలనుకునేదే అది.

వెళ్లకూడని దారులు

ఎవరూ పనివ్వనప్పుడు లీజ్ పర్చేజ్ వాళ్లు మాత్రం నవ్వుతూ పిలుస్తారు. ట్రక్కు ఇస్తాం, నీ సొంతమవుతుంది అంటారు. వారం వారం కట్టాల్సింది పోగా చేతికి ఏమీ రాని వారాలుంటాయి, మధ్యలో మానేస్తే కట్టిందంతా పోతుంది. ఈ పద్ధతిని పరిశీలించడానికి ఎఫ్ఎంసీఎస్ఏ వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో వీటిని నిషేధించాలనే సిఫార్సు చేసింది. చేతిలో డబ్బుల్లేని సమయంలో ఇందులో దిగొద్దని బతిమాలి చెబుతున్నాను.

సొంత అథారిటీ (సొంత కంపెనీగా సరుకు తోలే ఫెడరల్ అనుమతి) తీసుకుంటే అడిగేవాళ్లుండరు అనుకోవడమూ పొరపాటే. అక్కడ ఇన్సూరెన్స్ అడిగేది నేరుగా మిమ్మల్నే, కొత్త అథారిటీ, పాడైన రికార్డు రెండూ కలిస్తే ప్రీమియం భరించలేరు.

వాట్సాప్ గ్రూపుల్లో "మనవాళ్ల కంపెనీయే అన్నా, రికార్డు అడగరు" అని వచ్చే పనుల దగ్గర కాస్త ఆగండి. మనవాళ్లు సాయం చేయరని కాదు, నిజంగా చేసేవాళ్లున్నారు. కానీ మీ పేరు వాళ్ల పాలసీలో డ్రైవర్‌గా చేర్చారని ఇన్సూరెన్స్ ఏజెంట్ నుంచి రాతపూర్వకంగా చూడనిదే తాళం తీసుకోకండి. ఇంకొకరి పేరుతో ఈఎల్‌డీలో (డ్రైవింగ్ గంటలు నమోదు చేసే పరికరంలో) లాగిన్ అవ్వమన్నా, కంపెనీ ట్రక్కే నడిపిస్తూ 1099 మీద (ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టరుగా చూపించి) డబ్బులిస్తామన్నా వద్దనండి. మీకు దెబ్బ తగిలిననాడు వర్కర్స్ కాంప్ (పనిలో తగిలిన గాయాలకు వచ్చే బీమా) ఉండదు, ఇంకో యాక్సిడెంట్ అయిననాడు అన్నా అన్నవాళ్లు ఫోనెత్తరు. ఇంటికి డబ్బులు పంపాలి, ఈఎంఐలున్నాయి, టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. అయినా ఇంకో మూడు నెలలు డంప్ ట్రక్కు మీదో వేర్‌హౌస్‌లోనో గడపడం దీనికన్నా నయం.

పని దొరికాక

మొదటి ఏడాది మీ మీద అందరి కన్నూ ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక నిండిన ట్రక్ స్టాపులో ఇరుకు సందులోకి దూరకుండా, సాయంత్రం త్వరగానే ఆగేలా ట్రిప్ ప్లాన్ చేసుకోండి. నేరుగా లోపలికి వెళ్లి నేరుగా బయటికి వచ్చే పార్కింగ్ దొరికితే దూరమైనా అక్కడే ఆగండి. కారు జీపీఎస్ నమ్మి బ్రిడ్జిల కిందికి వెళ్లకండి. సొంత డ్యాష్‌క్యామ్ పెట్టుకోవచ్చా అని కంపెనీని అడగండి. చిన్న గీత పడినా ఆ నిమిషమే ఫోన్ చేసి చెప్పండి, ఫొటోలు తీయండి, చెప్పకుండా వెళ్లిపోయిన చిన్న దెబ్బకి ఉద్యోగం పోయిన వాళ్లను నేను ఎక్కువగా చూశాను.

ప్రతి యాక్సిడెంట్ తేదీ ఒక కాగితం మీద రాసి, దాని పక్కన 3 ఏళ్లు, 5 ఏళ్లు ఎప్పుడు నిండుతాయో కూడా రాసుకోండి. 3 ఏళ్లు దాటినదాన్ని 3 ఏళ్లవే అడిగే అప్లికేషన్‌లో రాయనక్కర్లేదు, 5 ఏళ్లవి అడిగే చోట రాయాల్సిందే, కాబట్టి ప్రశ్న పూర్తిగా చదివి రాయండి. క్రాష్ 5 ఏళ్లు దాటిన తర్వాత పీఎస్‌పీ మళ్లీ తెప్పించి అది నిజంగా పోయిందో లేదో చూసుకోండి, పోకపోతే డేటాక్యూస్‌లో రాయండి. అంతకుముందు మీకు కుదరదని చెప్పిన కంపెనీల పట్టిక కూడా దాచుకుని ఉంటే, మళ్లీ ఫోన్ చేయాల్సింది మొదట వాళ్లకే.